సర్వస్వామ్య సంకలితం – ఎవరి స్వామ్యం?

1

పాత తెలుగు పుస్తకాలు తిరగేస్తే ముఖపత్రం వెనక పక్క చిన్న అక్షరాల్లో 'సర్వస్వామ్య సంకలితం' అన్న మాట కనిపిస్తుంది. తరువాతి కాలపు పుస్తకాల్లో దాని స్థానే 'సర్వహక్కులూ రచయితవి' అనో, 'ప్రచురణకర్తలవి' అనో ఉంటుంది. పాఠకులు ఆ పంక్తిని చదవరు. ఆశ్చర్యమేమిటంటే రచయితలు కూడా చదవరు. రాతప్రతిని నోటిమాట మీద ప్రచురణకర్త చేతికిచ్చి, పాతిక కాపీలు పుచ్చుకుని, తన పేరు అచ్చులో చూసుకుని మురిసిపోయే రచయితకు ఆ పంక్తి సంగతి చాలాకాలం తరువాత గుర్తుకొస్తుంది. ఆ నవల సినిమాగానో, పాఠ్యపుస్తకంలో పాఠంగానో వచ్చి, తనకు చిల్లిగవ్వ రానప్పుడు గుర్తుకొస్తుంది.

ఈ విషయంలో మన రచయితల్లో రెండు రకాల అభిప్రాయాలున్నాయి. సాహిత్యం ప్రజలది, కాబట్టి హక్కుల గురించి మాట్లాడటం వ్యాపారుల పని అనేవారు కొందరు. నా మెదడులోంచి పుట్టింది నా ఇల్లూ పొలం లాగే నా ఆస్తి, దానికి గడువేమిటి, పరిమితులేమిటి అనేవారు మరికొందరు. రచన కూడా శ్రమేనన్న సంగతి మొదటివారు మరచిపోతున్నారు. ఆ శ్రమకు ముడిసరుకయిన భాషా, కథలూ, బాణీలూ, జీవితానుభవమూ సమాజం దగ్గర తీసుకున్నవేనన్న సంగతి రెండోవారు మరచిపోతున్నారు. రెండు వాదాల్లోనూ లోపించింది చరిత్రే. ఈ హక్కు ఎప్పుడు పుట్టింది, ఎవరి అవసరం కొద్దీ పుట్టింది, ఎవరి చేతుల్లో పెరిగింది అన్నది తెలుసుకోకుండా దాన్ని నెత్తిన పెట్టుకోవడమూ తగదు, కాలదన్నడమూ తగదు.

2

అచ్చుయంత్రం రాకముందు మన దేశంలో కావ్యానికి కర్త ఉన్నాడు, భర్త ఉన్నాడు, యజమాని మాత్రం లేడు. కావ్యాన్ని కన్యగా భావించి, రాజుకో మంత్రికో ధనవంతుడికో అంకితమివ్వడం మన సంప్రదాయం. తీసుకున్నవాడు కృతిభర్త. నన్నయకు రాజరాజనరేంద్రుడు, పెద్దనకు కృష్ణదేవరాయలు ఆ స్థానంలో ఉన్నారు. కవికి అగ్రహారమో, కనకాభిషేకమో, కనీసం పూటబత్తెమో దక్కేది. అయితే ఆ భర్త కొనుక్కున్నది కావ్యం మొదట్లో తన వంశవర్ణన, ఆశ్వాసాంతంలో తన పేరు. ఆ కావ్యాన్ని ఇంకొకరు తాటాకుల మీద రాసుకోకుండా అడ్డుకునే అధికారం ఆయన కొనుక్కోలేదు. అలాంటి అధికారం ఒకటుంటుందని ఎవరికీ తోచనూ లేదు. గ్రంథాన్ని రాయించి దానమివ్వడం పుణ్యకార్యం.

అంటే నాటి కవులకు తమ రచన తమది అన్న స్పృహ లేదని కాదు. వేమన పద్యం చివర మకుటం, క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు, త్యాగరాజ కృతిలో ఆయన పేరు – ఇవన్నీ పాటతోపాటు ఊరూరా తిరిగే సంతకాలే. అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరచిన కుటుంబానికి ఆ పాటల విలువ తెలుసు. పదవ శతాబ్ది ఆలంకారికుడు రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో ఇతరుల శబ్దాన్నీ అర్థాన్నీ అపహరించడం గురించి, ఏ మేరకు తీసుకోవడం తప్పు, ఏ మేరకు ఒప్పు అన్న విషయం గురించి అధ్యాయాలకొద్దీ చర్చించాడు. కావ్యచౌర్యం నాడు కూడా నిందే. కాని ఆ నింద పండితసభలో పడే నింద. దానికి కోర్టు లేదు, నష్టపరిహారం లేదు.

కారణం సులభంగానే తెలుస్తుంది. చేత్తో రాసే కాపీ సరుకు కాదు. ఒక ప్రతి రాయడానికి నెలలు పట్టే రోజుల్లో కాపీల మీద లాభం లేదు. లాభం లేనిచోట దాని కోసం తగాదా లేదు. కవి జీవిక ఆశ్రయం మీద నడిచింది, పేరు మకుటం మీద నిలిచింది. ఈ రెంటినీ విడదీసి, మధ్యలో మార్కెట్టును తెచ్చి పెట్టింది అచ్చుయంత్రం.

3

కాపీరైట్ అన్న ఇంగ్లీషు మాటనే పరిశీలించండి. అందులో రచయిత లేడు. ఉన్నది 'కాపీ'. అంటే అచ్చుకు తీసుకున్న రాతప్రతి. 1557లో మేరీ రాణి లండన్‌లోని పుస్తక వ్యాపారుల సంఘమైన స్టేషనర్స్ కంపెనీకి సన్నదు ఇచ్చింది. ముద్రణ దాదాపుగా ఆ సంఘ సభ్యుల గుత్త అయింది. సంఘం రిజిష్టరులో ఏ సభ్యుడు ఏ పుస్తకాన్ని తన పేర నమోదు చేసుకుంటే ఆ కాపీ అతడిది. ప్రభుత్వానికి కూడా ఇది లాభసాటి ఏర్పాటే. రాజద్రోహపు రాతలను, మతద్రోహపు రాతలను వెతికి పట్టుకునే పని వ్యాపారులే చేసిపెట్టారు. సెన్సారూ గుత్తాధిపత్యమూ ఒకే తల్లి బిడ్డలన్నమాట. ఇందులో రచయిత స్థానం ఒక్కటే. రాతప్రతి అమ్ముకుని వెళ్లిపోవడం.

మిల్టన్ మహాకవి ఎంతకు అమ్ముకున్నాడో రికార్డుంది. 1667లో 'పారడైజ్ లాస్ట్' కావ్యానికి శామ్యూల్ సిమన్స్ అనే ముద్రాపకుడు 5 పౌన్లు ఇచ్చాడు. మొదటి ముద్రణ అమ్ముడయ్యాక మరో 5 ఇచ్చాడు. కవి పోయిన తరువాత, 1680లో, ఆయన భార్య మిగిలిన హక్కులన్నిటికీ 8 పౌన్లు పుచ్చుకుని రాసిచ్చేసింది. మొత్తం 18 పౌన్లు. అక్కడినుంచి ఆ కావ్యం చేతులు మారి టాన్సన్ అనే పుస్తక వ్యాపార కుటుంబానికి చేరి, వాళ్లకు తరాలపాటు తరగని ఆస్తి అయింది.

1695లో లైసెన్సింగ్ చట్టం గడువు తీరిపోయింది. గుత్త పోయేసరికి వ్యాపారులు పార్లమెంటును ఆశ్రయించారు. తమ లాభాలు పోతున్నాయని అడిగితే వినేవారు లేరు. అప్పుడు వాళ్లకు రచయిత గుర్తుకొచ్చాడు. పాపం రచయితలు, వారి కుటుంబాలు నాశనమైపోతున్నాయని మొరపెట్టుకున్నారు. ఆ మొర ఫలితమే 1710లో అమలులోకి వచ్చిన ఆన్ రాణి చట్టం. విద్యాభివృద్ధి కోసమని చెప్పుకున్న ఈ చట్టం కొత్త పుస్తకాలకు 14 ఏళ్ల హక్కు ఇచ్చింది. అప్పటికి రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్లు. అప్పటికే అచ్చయిన పుస్తకాలకు 21 ఏళ్లు. చరిత్రలో మొట్టమొదటిసారి హక్కు 'రచయిత'తో మొదలవుతుందని ఒక చట్టం అన్నది. అంతకన్న ముఖ్యంగా, ఆ హక్కుకు ఒక చివర ఉందని కూడా అన్నది.

వ్యాపారులు అడిగింది రచయిత పేరును. చట్టం ఇచ్చింది గడువును. ఆ గడువును ఒప్పుకోకుండా వాళ్లు అరవై ఏళ్లకు పైగా కోర్టుల్లో పోరాడారు. రచయితకు తన రచన మీద సహజమైన, శాశ్వతమైన ఆస్తిహక్కు ఉందనీ, ఆయన దగ్గర కొన్నాం కాబట్టి ఆ శాశ్వతత్వం తమదేననీ వాదించారు. 1769లో కోర్టు ఆ వాదాన్ని ఒప్పుకుంది కూడా. అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్ అనే స్కాట్లండు వ్యాపారి గడువు తీరిన పుస్తకాలను చౌకగా అచ్చువేసి లండన్‌లో అమ్మాడు. జేమ్స్ థామ్సన్ 'సీజన్స్' కావ్యం మీద వచ్చిన ఆ తగాదాలో 1774 ఫిబ్రవరి 22న ప్రభువుల సభ శాశ్వత హక్కు లేదని తేల్చింది. దాంతో పాత కావ్యాలు చౌక ముద్రణల్లో మధ్యతరగతి ఇళ్లకు చేరాయి.

మన సాహిత్య విద్యార్థులకు మెకాలే పేరు ఇంగ్లీషు చదువుల సందర్భంలో తెలుసు. రచయిత చనిపోయాక 60 ఏళ్లపాటు హక్కు ఉండాలన్న టాల్‌ఫర్డ్ బిల్లును 1841లో పార్లమెంటులో వ్యతిరేకించిన వ్యక్తి కూడా ఆయనే. రచయితలకు ప్రతిఫలం ముట్టాలంటే ఇంతకన్న మంచి మార్గం లేదని ఆయన ఒప్పుకున్నాడు. కాని గుత్తాధిపత్యం స్వతహాగా చెడ్డది కాబట్టి, మంచి జరగడానికి ఎంత కాలం అవసరమో అంతకు మించి ఒక్కరోజు కూడా దాన్ని సాగనివ్వరాదన్నాడు. పొడిగించిన హక్కు వారసులకు దక్కుతుందన్న భ్రమకు ఆయన ఇచ్చిన జవాబు మిల్టన్ మనుమరాలి కథ. 1750లో లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో పేదరాలైన ఆమె సహాయార్థం మిల్టన్ 'కోమస్' ప్రదర్శించి చందా పోగుచేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే టాన్సన్ కుటుంబం ఆమె తాత కావ్యాన్ని ఇతరులెవరూ అచ్చువేయకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటున్నది. హక్కు బతికే ఉంది. అది ఎవరిని బతికిస్తున్నదన్నదే ప్రశ్న.

మెకాలే తిరస్కరించిన ఆ 60 ఏళ్ల గడువే ఇవాళ మన దేశపు చట్టంలో ఉంది. అది ఎలా వచ్చిందో ముందు ముందు చూద్దాం.

4

రచయితలు స్వయంగా, సంఘటితంగా ఈ హక్కు కోసం నిలబడింది ఫ్రాన్సులో. 1777లో నాటకకర్త బొమార్షే తోటి నాటక రచయితలను కూడగట్టి సంఘం పెట్టాడు. తమ నాటకాలాడి కలెక్షన్లు మింగుతున్న రాజాశ్రిత నాటకశాలను లెక్కలు చూపించమని అడగడంతో అది మొదలైంది. విప్లవం వచ్చాక 1791, 1793 శాసనాలు ఆ హక్కును గుర్తించాయి. పాత రాచరికపు సన్నదులు రద్దయ్యాయి. రచయిత హక్కు పౌరుడి హక్కుగా నిలిచింది. 1847లో బూర్జే అనే పాటల రచయిత పారిస్‌లోని ఒక కాఫీశాలలో కూర్చుని, అక్కడ తన పాటను ఉచితంగా వాయించడం విని, తాను తాగినదానికి డబ్బులివ్వనని మొండికేశాడు. నా పాట మీకు ఉచితమైతే మీ పానీయం నాకు ఉచితమే అన్నాడు. కోర్టు అతడి పక్షాన తీర్పు చెప్పింది. 1851లో పాటల రచయితల, స్వరకర్తల సంఘం అక్కడ ఏర్పడింది. ఒంటరి రచయిత కాఫీశాల యజమానులందరి వెంటా పడలేడు. సంఘం పడగలదు. రచయిత హక్కుకూ రచయితల సంఘానికీ ఉన్న సంబంధం ఇది.

1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సాహిత్య మహాసభకు విక్టర్ హ్యూగో అధ్యక్షత వహించాడు. రచయిత హక్కును గట్టిగా సమర్థించిన హ్యూగో అదే సభలో ప్రజల హక్కును కూడా అంతే గట్టిగా సమర్థించాడు. రెంటిలో ఒకదాన్ని త్యాగం చెయ్యక తప్పకపోతే రచయిత హక్కునే త్యాగం చెయ్యాలన్నది ఆయన వైఖరి. ఆ కృషి 1886లో బెర్న్ ఒప్పందానికి దారితీసింది.

అమెరికా చరిత్ర మరీ విచిత్రం. 1790 నాటి అమెరికా చట్టం తన దేశపు రచయితలను మాత్రమే కాపాడింది. ఇంగ్లీషు రచయితల పుస్తకాలను అమెరికా ముద్రాపకులు స్వేచ్ఛగా అచ్చువేసి అమ్ముకున్నారు. 1842లో అక్కడికి వెళ్లిన డికెన్స్ ఈ విషయం ఎత్తితే పత్రికలు ఆయనను డబ్బు మనిషి అని తిట్టిపోశాయి. విదేశీ రచయితలకు అమెరికా హక్కు ఇచ్చింది 1891లో. బెర్న్ ఒప్పందంలో చేరింది 1989లో. తన పరిశ్రమ ఎదిగినన్నాళ్లూ నూరేళ్లపాటు పరాయి పుస్తకాలను దర్జాగా అచ్చువేసుకున్న దేశం, ఎదిగిన తరువాత ఇతర దేశాలను దొంగలని పిలవడం మొదలుపెట్టింది. ఎక్కిన నిచ్చెనను తన్నేయడం పెట్టుబడికి కొత్త విద్య కాదు.

5

మన దేశానికి ఈ చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనలో 1847లో వచ్చింది. తరువాత 1911 నాటి బ్రిటిష్ చట్టాన్ని 1914లో మనకు వర్తింపజేశారు. రచయిత మరణానంతరం 50 ఏళ్ల గడువు అప్పటినుంచే. ఆ 1914 చట్టంలో ఒక మార్పు మాత్రం మన సాహిత్య చరిత్రకారులు గమనించదగ్గది. భారతదేశంలో మొదట అచ్చయిన రచనకు అనువాద హక్కు పదేళ్లు మాత్రమే. ఆ లోపల రచయిత అనువాదం చేయించి ప్రచురించకపోతే తరువాత ఎవరైనా చేసుకోవచ్చు. శరత్ నవలలు చక్రపాణి తదితరుల చేతిమీదుగా తెలుగిళ్లలోకి వచ్చింది ఈ చట్టం అమలులో ఉన్న కాలంలోనే. భాషలు పక్కపక్కనే బతికే దేశంలో అనువాదానికి దారి వదలడం అవసరమని వలస ప్రభుత్వపు చట్టం కూడా గుర్తించక తప్పలేదు.

స్వతంత్ర భారతదేశం 1957లో సొంత చట్టం చేసుకుంది. అంతకుముందే, 1949లో, మనమూ భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో ఒక గొప్ప సంఘటన జరిగింది. సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులు ఆయన పోయాక చేతులు మారాయి. పాటలకు సంబంధించిన హక్కులు ఒక సినిమా నిర్మాత దగ్గర ఉన్నాయి. స్వాతంత్ర్యాన్ని పాడిన కవి పాటలు పాడుకోవడానికి ఒకరి అనుమతి కావాలా అని రచయితలు ఆందోళన చేశారు. ప్రభుత్వం ఆ హక్కులను సేకరించి, ఆ తరువాత ప్రజలందరి పరం చేసింది. రచయితలు సంఘటితంగా అడిగితే హక్కు వ్యక్తి చేతినుంచి జాతి చేతికి కూడా రాగలదని ఇది రుజువు చేసింది.

దీనికి పూర్తిగా భిన్నమైనది రవీంద్రుని ఉదాహరణ. 1941లో మరణించిన ఠాగూరు రచనల మీద విశ్వభారతి హక్కు 1991 చివర ముగియవలసి ఉంది. సరిగ్గా అప్పుడు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టం చేసి, గడువును 50 నుంచి 60 ఏళ్లకు పెంచింది. ఒక్క సంస్థ కోసం జరిగిన సవరణ దేశంలోని రచనలన్నిటికీ వర్తించింది. మెకాలే కాదన్న 60 ఏళ్లు మనకు ఇలా వచ్చాయి. 1915లో పోయిన గురజాడ 'కన్యాశుల్కం' ఇవాళ అందరిదీ. ఎవరైనా అచ్చువేయవచ్చు, ఆడవచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీ కవిత్వం మీద హక్కు 2043 చివరిదాకా ఉంటుంది.

అయితే మన చట్టంలో రచయితకు పనికొచ్చే ఆయుధాలు లేకపోలేదు. ఇవి తెలియకపోవడమే మన బలహీనత. మొదటిది: రిజిష్టరు చేయించినా చేయించకపోయినా, రచన కాగితం మీద పడ్డ క్షణమే హక్కు పుడుతుంది. రెండోది: హక్కును బదిలీ చెయ్యాలంటే రచయిత సంతకంతో రాతమూలకమైన పత్రం ఉండి తీరాలి. ఆ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లు మాత్రమే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే అనీ 1994 సవరణ చెబుతున్నది. నోటిమాట మీద ప్రచురణకర్త చేతికిచ్చిన నవల శాశ్వతంగా ఆయనది అయిపోదన్నమాట. మూడోది: 57వ సెక్షను. హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా ఈ రచన నాది అని చెప్పుకునే అధికారమూ, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే అధికారమూ రచయితకు మిగులుతాయి. తన 'ఆప్‌కా బంటీ' నవలను సినిమావాళ్లు వికృతం చేశారని హిందీ రచయిత్రి మన్నూ భండారీ కోర్టుకెక్కినప్పుడు, ఈ సెక్షను ఒప్పంద పత్రంకన్న పై స్థాయిలో ఉంటుందని 1986లో ఢిల్లీ హైకోర్టు వివరించింది. విజ్ఞానభవన్ గోడ మీది తన కంచు శిల్పాన్ని ప్రభుత్వమే పీకి గోడౌన్లో పడేస్తే శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఏళ్లతరబడి పోరాడి 2005లో గెలిచాడు.

సినిమా పాట చరిత్ర ఇంకా కళ్లు తెరిపిస్తుంది. నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాటకు, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, నిర్మాతే యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం అలా ఉంది మరి. పాడినవాళ్లకు అసలు ఏ హక్కూ లేకపోవడం అన్యాయమని జస్టిస్ కృష్ణయ్యర్ అదే తీర్పులో విడిగా ఎత్తిచూపారు. గాయకులకు 1994లోనూ, పాటల రచయితలకు, స్వరకర్తలకు 2012లోనూ న్యాయం కొంత దక్కింది. సినిమాహాలు బయట ఆ పాట రేడియోలోనో మరెక్కడో మోగినప్పుడు వచ్చే రాయల్టీలో సమానవాటా వారిది. ఆ వాటాను వదులుకుంటున్నానని రచయిత చేత రాయించుకున్నా చెల్లదు. ఈ చివరి వాక్యమే ఈ సవరణకు ప్రాణం. సంతకం పెట్టకపోతే పాట మరొకరికి పోతుందన్న భయంలో ఉన్న మనిషికి వట్టి హక్కు ఇస్తే చాలదు. వదులుకోలేని హక్కు ఇవ్వాలి. కనీస వేతనాన్ని కూలీ వదులుకోలేనట్టే ఇదీ. శ్రమ గురించి ఆలోచించినవారికే ఇలాంటి చట్టం రాయడం తెలుస్తుంది.

ఇదే కాలంలో నాణేనికి రెండోవైపు కూడా చూశాం. ఢిల్లీ విశ్వవిద్యాలయం పక్కనున్న జిరాక్సు దుకాణంలో పుస్తకాల భాగాలు తీసి విద్యార్థులకు పాఠ్యసంచికలుగా ఇస్తున్నారని మూడు పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల పక్షాన తీర్పు చెప్పింది. కాపీరైటు దైవదత్తమైన హక్కు కాదనీ, బోధన కోసం చట్టమే మినహాయింపు ఇచ్చిందనీ తేల్చింది. 2017లో సంస్థలు దావా విరమించుకున్నాయి. విద్యార్థుల మేలు కోరి ఆ దావాను వ్యతిరేకించిన వారిలో ఆ పుస్తకాలు రాసిన పండితులూ ఉన్నారు.

6

రచనకు కాపీరైటు ఎలాగో ఆవిష్కరణకు పేటెంటు అలాగ. రెంటికీ తేడా ఉంది. కాపీరైటు భావాన్ని కాపాడదు, భావాన్ని చెప్పిన తీరును కాపాడుతుంది. తన నాటకం ఇతివృత్తాన్ని సినిమావాళ్లు తీసుకున్నారన్న ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. వరకట్నం గురించి ఒకరు నవల రాస్తే మరొకరు రాయకూడదని లేదు. పేటెంటు అలా కాదు. అది ఆవిష్కరణనే పట్టుకుంటుంది. స్వతంత్రంగా కనిపెట్టిన రెండోవాడిని కూడా అడ్డుకుంటుంది. అంత బలమైనది కాబట్టే దాని గడువు తక్కువ, 20 ఏళ్లు. దానికి బదులుగా ఆవిష్కర్త తన రహస్యాన్ని లోకానికి పూర్తిగా రాసిచ్చుకోవాలి.

పుట్టుక మాత్రం రెంటిదీ ఒకటే. వెనిస్ నగరం 1474లో ఆవిష్కర్తలకు పదేళ్ల రక్షణ ఇచ్చింది. ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి పేకముక్కల దాకా ఆశ్రితులకు గుత్తలు రాసిచ్చింది. విసిగిన పార్లమెంటు 1624లో గుత్తలన్నీ రద్దుచేసి, కొత్త ఆవిష్కరణలకు మాత్రం 14 ఏళ్లు మినహాయించింది. ఇక్కడ కూడా సన్నదు నుంచే హక్కు పుట్టింది. ఇక్కడ కూడా ఆ హక్కు కొత్త ఉత్పత్తికి దారి తీసింది, దారికి అడ్డమూ పడింది. జేమ్స్ వాట్ ఆవిరియంత్రం పేటెంటు 1769లో మొదలై, పార్లమెంటు పొడిగింపుతో 1800 దాకా సాగింది. ఆ యంత్రాన్ని మెరుగుపరచబోయినవారు ఆ మధ్యకాలంలో కోర్టుల పాలయ్యారు.

మనకు 1911 నాటి వలస పేటెంటు చట్టం మిగిలింది. దాని కింద పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీయులవేననీ, అవి ఇక్కడ తయారీకి కాక దిగుమతుల గుత్తకే ఉపయోగపడుతున్నాయనీ జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959 నివేదికలో తేల్చారు. ఆ నివేదిక ఆధారంగానే 1970 చట్టం వచ్చింది. మందుకు పేటెంటు లేదు, మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు, అదీ గరిష్ఠంగా 7 ఏళ్లు. వేరే పద్ధతిలో అదే మందు ఎవరైనా చేయవచ్చు. సోవియట్ సహాయంతో హైదరాబాదులో వెలసిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారంలో ఆ పద్ధతులు నేర్చిన మనుషులు తయారయ్యారు. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ప్రపంచానికి చౌకమందులు పంపే నగరంగా హైదరాబాదు ఎదగడం వెనక ఉన్నది ఒక చట్టం రాసిన తీరు.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతోపాటు ట్రిప్స్ ఒప్పందం వచ్చింది. దానికి లోబడి 2005 నుంచి మందుకే పేటెంటు ఇవ్వవలసి వచ్చింది. కాని పార్లమెంటులో వామపక్షాలూ, బయట ప్రజాసంఘాలూ పట్టుబట్టడంతో ఒక అడ్డుకట్ట మిగిలింది. తెలిసిన మందునే రూపం మార్చి, దాని గుణం గణనీయంగా పెరగకుండా, కొత్త పేటెంటు అడిగితే 3(డి) సెక్షను ఒప్పుకోదు. రక్తక్యాన్సరు మందు గ్లివెక్ విషయంలో నోవార్టిస్ కంపెనీ ఈ గోడకే తగిలి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అంతకు ఏడాది ముందు, 2012 మార్చిలో, బేయర్ కంపెనీ క్యాన్సరు మందు తయారీకి హైదరాబాదులోని నాట్కోకు ప్రభుత్వం నిర్బంధ లైసెన్సు ఇచ్చింది. నెలకు సుమారు 2,80,000 రూపాయలయ్యే మందు 8,800 రూపాయలకు దొరికింది. బేయర్‌కు అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ కూడా నిర్ణయించారు. ఇక్కడ ఆవిష్కర్తకు ప్రతిఫలం లేదని ఎవరూ అనలేరు. రోగి ప్రాణాన్ని తాకట్టు పెట్టుకునే అధికారం మాత్రమే పోయింది.

7

ఈ చరిత్రంతా చూశాక మొదటి ప్రశ్నకు వద్దాం. మేధో హక్కు సృజనను కాపాడుతుందా? కాపాడుతుంది, సృష్టికర్త చేతిలో మిగిలినంత మేరకు. చేయి మారిన మరుక్షణం అది పెట్టుబడిని కాపాడుతుంది. మిల్టన్ మనుమరాలు చందా డబ్బుతో బతికినప్పుడు చట్టం లేక కాదు. 1977లో పాటల రచయిత ఓడిపోయినప్పుడు కూడా చట్టం ఉంది. చట్టంలో ఎవరి వాక్యం ఉందన్నదే తేడా. బొమార్షే సంఘం, భారతి పాటల ఆందోళన, 2005లో మందుల పోరాటం, 2012 సవరణ – ఇవన్నీ ఆ వాక్యాన్ని మార్చిన సందర్భాలు.

చట్టం ఇంకా చూడని మనుషులున్నారు. నాట్లు వేస్తూ పాడిన పాట, ఒగ్గుకథకుడి బాణీ ఎవరో ఒక్కరు రాసినవి కావు. కాబట్టి కాపీరైటు దృష్టిలో వాటికి కర్త లేడు. కర్త లేని పాటను పట్నం నుంచి వచ్చినవాడు రికార్డు చేసి, రెండు వాయిద్యాలు జోడించి, ఆ రికార్డు మీద తన పేరున హక్కు తీసుకోవచ్చు. పోచంపల్లి నేతకు భౌగోళిక సూచిక గుర్తింపు దొరికినట్టు సమష్టి సృజన మరికొన్నిచోట్ల గుర్తింపు పొందింది. పాటకు ఆపాటి రక్షణా లేదు. పసుపు గాయాన్ని మాన్పుతుందన్న సంగతి మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర పరిశోధనా మండలి పాత గ్రంథాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. రాసి ఉంది కాబట్టి రుజువైంది. రాయని వారి విజ్ఞానానికి రుజువు ఎవరు తెస్తారు? జానపద గేయాలు సేకరించే మన పరిశోధక విద్యార్థులు పాట కింద పాడినవారి పేరూ, ఊరూ, తేదీ రాయడం అనే చిన్న పనితో ఆ రుజువు మొదలవుతుంది.

రచయితలు చేయవలసిన పని కూడా అంత చిన్నదే, అంత ముఖ్యమైనదే. ఒప్పందం లేకుండా రాతప్రతి ఇవ్వకూడదు. గడువూ, భాషా, ముద్రణల సంఖ్యా, సినిమా హక్కూ వేరువేరుగా రాసుకోవాలి. ఒక నమూనా ఒప్పంద పత్రాన్ని రచయితల సంఘమే తయారుచేసి అందరికీ పంచాలి. కొత్త రచయిత ఒంటరిగా బేరమాడలేడు కాబట్టి ఆయన తరఫున సంఘం అడగాలి. అదే సమయంలో గ్రంథాలయానికీ, బడికీ, అనువాదానికీ, అంధులకు చదివి వినిపించే పుస్తకానికీ మన హక్కు అడ్డు కాకూడదని కూడా ఆ పత్రంలోనే రాయాలి. ఇకమీదట పుస్తకం చేతికొచ్చినప్పుడు ముఖపత్రం వెనక ఉన్న ఆ చిన్న పంక్తిని ముందు చదవండి. అక్కడ ఎవరి పేరుందో, ఆ పేరు అక్కడికెలా వచ్చిందో అడగండి.